పాత జాకీల పునరుద్ధరణ

పాత జాకీల పునరుద్ధరణ అనగా మోటారు వాహనాలను పైకెత్తడానికి పూర్వం వాడిన యాంత్రిక జాకీలకు తుప్పు వదలించి, కదలిక తెప్పించి, మరల రంగు వేసి నిలబెట్టే పని. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ జాకీలు ఈ వ్యాస పరిధిలోనివి కావు. మర లేక పళ్ళకడ్డీ ఆధారంగా పనిచేసే ఇనుప జాకీల గురించే ఇందులో వివరించబడింది. కృష్ణా డెల్టా దిగువ భాగమైన మచిలీపట్నం (బందరు), గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో ఈ పనికి రెండు ప్రత్యేకతలు ఉన్నాయి. సముద్రపు గాలిలోని ఉప్పు వలన ఇక్కడ ఇనుము త్వరగా చెడిపోవడం మొదటిది. తుప్పును నల్లరంగుగా మార్చే విద్య ఇక్కడి కలంకారీ అద్దకపువారికి తరతరాలుగా తెలిసి ఉండడం రెండవది.

జాకీ అలంకార వస్తువు కాదు. టన్ను బరువును మనిషి ప్రక్కన గాలిలో నిలిపి ఉంచే సాధనం. అందువలన దీని పునరుద్ధరణలో రంగు వేయడం చివరి పని, అన్నిటికంటె చిన్న పని కూడా. పగిలిన పోత ఇనుముకు మెరిసే రంగు పూస్తే జాకీ బాగుపడదు సరికదా, పగులు కంటికి కనబడకుండా పోతుంది.

పేరు, రకాలు

ఆంగ్లంలో జాక్ అనేది సామాన్యుడికి పెట్టుకునే పేరు. క్రమంగా అది పనివాడికీ, ఆ తరువాత పనివాడికి బదులుగా పనిచేసే ఉపకరణాలకూ పేరయింది. తెలుగు వాడుకలో అది జాకీగా స్థిరపడింది.

పాత యాంత్రిక జాకీలలో ఎక్కువగా కనిపించేది సీసా ఆకారపు మరజాకీ. క్రింద వెడల్పుగా, పైన సన్నగా ఉండే పోత ఇనుప దిమ్మె, దాని మధ్య నిలువుగా ఉక్కు మర, మర తలలో కడ్డీ దూర్చడానికి రంధ్రాలు దీని నిర్మాణం. పళ్ళజాకీలో మరకు బదులు పళ్ళు కోసిన కడ్డీ ఉంటుంది. హ్యాండిలును కిందికీ పైకీ ఆడించినపుడు లోపలి కొక్కేలు ఒక్కొక్క పన్నునే పట్టుకుని కడ్డీని పైకి నెడతాయి. కత్తెర జాకీ నాలుగు పట్టీలను అడ్డంగా ఉండే మరతో దగ్గరకు లాగి లేస్తుంది. బ్రిటిష్ కారు మోరిస్ మైనరు వంటి వాటికి స్తంభపు జాకీ ఉండేది. కారు ప్రక్కన అడుగుభాగంలో అమర్చిన గూటిలో దాని చేతిని దూర్చి తిప్పితే ఆ ప్రక్క రెండు చక్రాలూ నేలను విడుస్తాయి. ఈ జాకీ కారునుండి విడిపోతే దానిని గుర్తించడం కష్టం. ఏదో విరిగిన పంపు ముక్క అనుకుని పాత ఇనుములో వేసినవి చాలానే ఉంటాయి.

పని చేసే సూత్రం

మర అనేది కడ్డీకి చుట్టిన వాలుతలం. హ్యాండిలు పొడవు అర మీటరు, మరచుట్ల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు అనుకుంటే, హ్యాండిలు కొన ఒక చుట్టు తిరిగేసరికి సుమారు 3,140 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది, బరువు మాత్రం 8 మిల్లీమీటర్లే లేస్తుంది. లెక్క ప్రకారం మనిషి బలం 390 రెట్లు పెరగాలి. అయితే ఇందులో ఐదింట నాలుగు వంతులు ఘర్షణకే పోతాయనుకుందాం. మిగిలిన 78 రెట్లతోనే, 20 కిలోల తోపుకు ఒకటిన్నర టన్నుల బరువు లేస్తుంది.

ఈ ఘర్షణను నష్టంగా భావించరాదు. చేయి తీసివేసినా బరువు క్రిందికి జారకుండా ఆపేది అదే. మర సామర్థ్యం సగానికి మించితే జాకీ తనంతట తానే దిగిపోగలదు. పళ్ళజాకీలో ఈ రక్షణ లేదు. అక్కడ బరువంతా రెండు చిన్న కొక్కేల మీద, వాటిని నొక్కి పట్టే స్ప్రింగుల మీద ఆధారపడి ఉంటుంది. పునరుద్ధరించేవారు ఈ తేడాను మొదటినుండి గుర్తుంచుకోవలెను.

చరిత్ర

మరతో బరువులెత్తే యంత్రం బొమ్మ పదమూడవ శతాబ్దపు ఫ్రెంచి శిల్పి విలార్ ద ఓనకూర్ చిత్రాల పుస్తకంలో ఉన్నది. లియొనార్డో డావిన్సీ కూడా పళ్ళకడ్డీ జాకీ చిత్రం గీశాడు. ఆధునిక రూపం మాత్రం పంతొమ్మిదవ శతాబ్దంలో రైలుమార్గాల అవసరం నుండి వచ్చింది. అమెరికాలో మిసిసిపీ నదిపై పడవ నడిపే జొసయా బారెట్ ఆలోచనతో 1883 ప్రాంతంలో డఫ్ సంస్థ పళ్ళజాకీల తయారీ ప్రారంభించింది. అదే దశాబ్దంలో కెనడాలోని క్వెబెక్‌కు చెందిన ఫ్రాంక్ స్లీపర్ మరతల క్రింద ఉక్కు గుండ్లు అమర్చి తిప్పడం తేలిక చేశాడు. ఫిలిప్ జాన్ హరా రూపొందించి 1905లో పేటెంటు పొందిన పొడుగాటి పళ్ళజాకీ హై లిఫ్ట్ అనే పేరుతో నేటికీ తయారవుతున్నది. పోటీ సాధనమైన హైడ్రాలిక్ జాకీకి రిచర్డ్ డడ్జన్ 1851లోనే పేటెంటు తీసుకున్నాడు. అయినా కార్లతోపాటు ఇచ్చే సామానులో చాలాకాలం మరజాకీయే కొనసాగింది. దానిలో ఊరిపోయే నూనె లేదు, పాడయ్యే వాషరు లేదు.

కృష్ణా డెల్టాలో

డెల్టాకు జాకీ ఆలస్యంగా వచ్చింది. 1855లో బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయిన తరువాత సరుకు రవాణాలో ఎక్కువ భాగం కాలువల్లో పడవలమీద, ఊళ్ళమధ్య ఎద్దుబండ్లమీద సాగేది. బండి ఇరుసుకు కందెన వేయడానికి చక్రం లేపవలసివస్తే ఒక దుంగ, ఒక గునపం, ఇద్దరు మనుషులు చాలు. 1908లో బెజవాడ నుండి బందరుకు రైలుమార్గం పడింది. పట్టాల క్రింద కంకర నింపడానికీ, పట్టాలు తప్పిన పెట్టెలను ఎక్కించడానికీ రైల్వేలలో జాకీలు తప్పనిసరి. బస్సులు, లారీలు, కార్లు రావడంతో జాకీ రోడ్డుమీదికి వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత బొంబాయిలో తయారైన ఫియట్లు, 1958 నుండి 2014 వరకు తయారైన అంబాసిడర్లు, విల్లీస్ జీపులు డెల్టా రోడ్లమీద తిరిగాయి. వాటి జాకీలే నేడు ఇళ్ళ అటకలమీద, మూతబడిన షెడ్లలో దొరుకుతున్నాయి.

మరతో బరువెత్తే మరో సాధనం కూడా ఈ ప్రాంతంలో ఉన్నది గాని, దానినెవరూ జాకీ అనరు. కాలువల రెగ్యులేటర్లవద్ద, తూములవద్ద ఇనుప షట్టర్లను లేపే నిలువు మరకడ్డీ అది. చేతిచక్రం త్రిప్పి లస్కర్లు నీరు వదిలే ఆ ఏర్పాటులోని సూత్రమూ, ఘర్షణవలన షట్టరు జారకుండా నిలవడమూ మరజాకీలో ఉన్నవే. కందెన లేక, పైపైన రంగు పూసి వదిలేస్తే ఆ మరలు బిగుసుకుపోయిన రీతిలోనే జాకీలు కూడా బిగుసుకుపోతాయి.

ఇటీవలి దశాబ్దాలలో కోస్తా పట్టణాలలో రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లమైపోయినపుడు, పునాది క్రింద వరుసగా జాకీలు పెట్టి ఇంటినే పైకి లేపుతున్నారు. దానిని చూచి అటకమీది పాత జాకీకి కూడా అంత శక్తి ఉంటుందని అనుకోరాదు. ఆ పనిలో బరువు అనేక జాకీలమీద పంచబడుతుంది, లేచిన ప్రతి అంగుళానికీ క్రింద ఇటుకలో దిమ్మెలో పేర్చుకుంటూ పోతారు.

ఉప్పుగాలి, తుప్పు

ఇనుము తుప్పు పట్టడానికి గాలి, తేమ చాలు. ఉప్పు చేరితే ఆ పని అనేక రెట్లు వేగంగా జరుగుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు కణాలు లోహం మీద వాలి, రాత్రిపూట చెమ్మను పీల్చి, పలుచని ఉప్పునీటి పొరగా మారతాయి. నాగాయలంక, కోడూరు వైపున ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్లమీద పడిఉన్న ఇనుప సామాను పరిస్థితి ఇంకా కష్టం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనవంటి విపత్తులో సముద్రపు నీట మునిగిన ఇనుమును ఆరబెట్టినంత మాత్రాన ఉప్పు పోదు. తుప్పు పొరల అడుగున, గుంటలలో అది దాగి ఉంటుంది. పైన ఎంత మంచి రంగు వేసినా కొన్ని నెలలకు బొబ్బలు లేస్తాయి. రంగు నాసిరకమని దుకాణదారుతో గొడవ పడేవారు ఎక్కువ, ఉప్పును కడగలేదని గ్రహించేవారు తక్కువ.

కడగడానికి వాడే నీరు కూడా ఆలోచించదగ్గదే. బందరు, దివిసీమలలో చాలాచోట్ల బోరునీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీటితో కడిగితే వదలించిన ఉప్పును మరల ఎక్కించినట్లే. వాననీరు ఉత్తమం, లేనిచో కాలువ నీరు. చివరి కడుగుకు బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటరు వాడవలెను. కడిగిన నీటిని కొద్దిగా తీసుకుని, రెండు చుక్కల నైట్రిక్ ఆమ్లం, రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ ద్రావణం వేస్తే ఉప్పు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. తెల్లటి మబ్బు కనిపిస్తే ఇంకా కడగాలి. ఉన్నత పాఠశాల రసాయన ప్రయోగశాలలో చేసే పరీక్షే ఇది.

విడదీయుటకు ముందు

పని ప్రారంభించేముందు జాకీని అన్నివైపులనుండి ఫొటోలు తీయవలెను. పోతలో ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలను సుద్దముక్కతో రుద్దితే చదవడానికి వీలవుతుంది. తయారీదారు పేరు, పేటెంటు సంవత్సరం, మోయగల బరువు సాధారణంగా అక్కడే ఉంటాయి. షెల్లీ, కింగ్ డిక్ అని ఉంటే బర్మింగ్‌హాం తయారీ. వాకర్ అని ఉంటే అమెరికాలోని రసీన్ పట్టణపు సంస్థ. సింప్లెక్స్ అని ఉంటే షికాగోకు చెందిన టెంపుల్టన్ కెన్లీ సంస్థ కావచ్చు.

బరువు అంకెను చదవడంలో ఒక మెలిక ఉన్నది. బ్రిటిష్ టన్ను 2,240 పౌన్లు, అనగా 1,016 కిలోలు. అమెరికా టన్ను 2,000 పౌన్లు, అనగా 907 కిలోలు. 5 టన్నులు అని పోతపోసిన రెండు జాకీలకు అయిదు వందల కిలోలకు పైగా తేడా ఉండవచ్చు.

బోల్టుల విషయంలో కూడా ఇదే చిక్కు. పాత బ్రిటిష్ జాకీలకు 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన 55 డిగ్రీల మరలు ఉంటాయి. అమెరికావి 60 డిగ్రీలవి. అర అంగుళం బోల్టుకు విట్‌వర్త్ పద్ధతిలో అంగుళానికి 12 చుట్లు, అమెరికా పద్ధతిలో 13 చుట్లు. చేతికి అందిన మిల్లీమీటరు బోల్టును బలవంతంగా బిగిస్తే పోత ఇనుములోని పాత మర నలిగిపోతుంది, దానిని తిరిగి తేవడం సాధ్యం కాదు. అసలు బోల్టు విరిగితే అదే కొలతకు లేతుమీద కొత్తది చేయించుకోవడం మేలు. గుడివాడ, బందరు పట్టణాలలో లేతుపని దొరుకుతుంది. దొరకని సామానుకు, ఇసుకతో తుప్పు లేపే పనికి విజయవాడ ఆటోనగర్‌కు వెళ్ళవచ్చు.

బిగుసుకుపోయిన మరను విప్పుట

బిగుసుకుపోయిన జాకీని సుత్తితో కొట్టడం సాధారణంగా జరిగే పొరపాటు. పోత ఇనుము వంగదు, పగులుతుంది. జాకీని తలక్రిందులుగా నిలిపి, మర చుట్టూ కిరసనాయిలో డీజిలో పోసి కొద్దిరోజులు నాననివ్వాలి, రోజూ కొంచెం పోస్తుండాలి. అప్పటికీ కదలకపోతే నట్టు చుట్టూ ఉన్న భాగాన్ని మెల్లగా వేడిచేయవచ్చు. వేడిచేసేముందు కిరసనాయిలు పూర్తిగా తుడిచివేయాలని వేరే చెప్పనక్కరలేదు. చాలా జాకీలలో మర ఉక్కుది, నట్టు గన్‌మెటల్‌ది. ఒకే వేడికి గన్‌మెటల్ ఉక్కుకంటె సుమారు ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది కనుక పట్టు సడలుతుంది. కదలిక మొదలయ్యాక ఒకే దిశలో బలంగా తిప్పకుండా, పావుచుట్టు ముందుకు, పావుచుట్టు వెనుకకు ఆడిస్తూ పోవలెను.

పళ్ళజాకీని విడదీసేటపుడు కొక్కేలు, స్ప్రింగులు, పిన్నులు ఏది ఎటు ఉండేదో గుర్తుపెట్టుకొని, విడివిడిగా సంచులలో చీటీలు వేసి ఉంచాలి. రెండు కొక్కేలు చూడడానికి ఒకటిగానే ఉంటాయి గాని అరుగుదల వేరు. ఒకదాని స్థానంలో మరొకటి వేస్తే పన్ను సరిగా పట్టదు.

తుప్పు తొలగింపు

పెళుసుగా ఊడివచ్చే తుప్పును వైరు బ్రష్షుతో, చిన్న ఉలితో తీయవచ్చు. పాత రంగు ఉంటే పొడిగా గీకరాదు. పూర్వపు రంగులలో, ముఖ్యంగా ఎర్రసీసపు ప్రైమరులో, సీసం ఉంటుంది. ఇళ్ళకు వాడే రంగులలో సీసాన్ని 90 పిపిఎంకు పరిమితం చేసే నిబంధన భారతదేశంలో అమలులోకి వచ్చింది 2017 నవంబరులోనే. కాబట్టి తడిపి రుద్దడం, ముక్కుకు మాస్కు కట్టుకోవడం, పిల్లలను దూరంగా ఉంచడం అవసరం. దసరా ఆయుధపూజకు ముందు పనిముట్లకు కొత్తరంగు పూసే అలవాటున్న షెడ్లనుండి వచ్చిన జాకీలమీద రంగుపైన రంగు, నడుమ పసుపుకుంకుమలు, గ్రీజు పొరలుగా పేరుకొని ఉంటాయి. ఆ పొరలను ఒక మూల అంగుళం మేర జాగ్రత్తగా ఒక్కొక్కటిగా రుద్దిచూస్తే అట్టడుగున అసలు రంగు తెలుస్తుంది.

మిగిలిన తుప్పుకు విద్యుద్విశ్లేషణ మంచి పద్ధతి. ప్లాస్టిక్ తొట్టిలో లీటరు నీటికి ఒక పెద్ద చెంచాడు చొప్పున చాకలిసోడా కలిపి, జాకీ భాగాన్ని 12 వోల్టుల బ్యాటరీ చార్జరు రుణధ్రువానికి, ఒక పనికిరాని ఇనుప రేకును ధనధ్రువానికి తగిలించి, రెండూ తాకకుండా ముంచి ఉంచుతారు. కొన్ని గంటలలో తుప్పు వదులై నల్లటి బురదగా రాలుతుంది. మచిలీపట్నం ప్రక్కనున్న చిలకలపూడి నకిలీ నగల పరిశ్రమకు పేరుపొందినది. విద్యుత్తుతో లోహపు పూత వేసే పద్ధతిలో కూడా వస్తువును రుణధ్రువానికే తగిలిస్తారు. అక్కడ వస్తువుమీదికి లోహం చేరుతుంది, ఇక్కడ వస్తువునుండి తుప్పు విడిపోతుంది. సోడాకు బదులు ఉప్పు వేయరాదు, విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు, అందులోని క్రోమియం విషపదార్థంగా నీటిలో కలుస్తుంది. హైడ్రోజన్ వాయువు బుడగలు లేస్తాయి గనుక ఈ పని ఆరుబయట చేయాలి, దగ్గరలో నిప్పు ఉండరాదు.

స్ప్రింగులను, గట్టిపరచిన ఉక్కు కొక్కేలను ఈ తొట్టిలో గాని, ఆమ్లంలో గాని వేయరాదు. హైడ్రోజన్ లోహంలోకి చొచ్చి వాటిని పెళుసుబారుస్తుంది. పళ్ళజాకీలో ప్రాణాలు నిలిపేవి ఆ రెండు భాగాలే. వాటిని నూనె, సన్నని గరుకు కాగితంతో చేతితోనే శుభ్రం చేయాలి.

కరక్కాయ పద్ధతి

తుప్పును తీయడానికి బదులు దానినే నల్లటి రక్షణపొరగా మార్చే మార్గం ఒకటి ఉన్నది. బజారులో తుప్పుమార్పిడి ద్రావణాలుగా దొరికే వాటిలో చాలావరకు టానిన్ అనే పదార్థం ఉంటుంది. టానిన్ ఇనుముతో కలిసి నీలినలుపు రంగు గల, నీటిలో కరగని ఐరన్ టానేటుగా మారుతుంది. కెనడియన్ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ తుప్పుపట్టిన పురావస్తువులకు ఇచ్చిన సూచనలలోనూ టానిక్ ఆమ్లపు పూత ఉన్నది.

కరక్కాయలో టానిన్ సమృద్ధిగా ఉంటుంది. మచిలీపట్నం, పెడన కలంకారీలో ముందుగా బట్టను కరక్కాయ కషాయంలో ముంచి ఆరబెడతారు. నల్లరంగుకోసం పాత ఇనుప ముక్కలను బెల్లం నీటిలో చాలారోజులు పులియబెడతారు. ఆ ద్రవాన్ని అచ్చుతో బట్టమీద అద్దగానే, కరక్కాయ టానిన్, నీటిలోకి దిగిన ఇనుము కలిసి నలుపు తేలుతుంది. బట్టమీది ఆ నలుపూ, జాకీమీద తుప్పుమార్పిడి ద్రావణం తెచ్చే నలుపూ రసాయనపరంగా ఒకటే. దక్షిణాది అద్దకాలు డచ్చి, ఇంగ్లీషు ఓడలలో బందరు రేవునుండి ఐరోపా చేరిన కాలానికి మోటారు వాహనం పుట్టనే లేదు.

దంచిన కరక్కాయ పెచ్చులను నీటిలో మరిగించి వడగట్టి, చల్లారిన కషాయాన్ని బ్రష్షుతో పలుచగా పూయవచ్చు. ఒక పూత ఆరిన తరువాత మరొకటి, మొత్తం మూడు నాలుగు పూతలు చాలు. కొద్దిగా ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపితే పొర బాగా పట్టుకుంటుంది. ఈ పద్ధతికి హద్దులు కూడా ఉన్నాయి. లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకున్న పలుచని తుప్పుమీదనే ఇది పనిచేస్తుంది. రేకులుగా లేచిన తుప్పుమీద పూస్తే ఆ రేకులతోపాటే ఊడిపోతుంది. ఉప్పు కడగని ఇనుముమీద ఏ టానినూ నిలవదు.

పగుళ్ళ పరీక్ష

రంగు వేయడానికి ముందు తప్పక చేయవలసినది ఇదే. కుండ కొనేటపుడు మోగించి చూచినట్లు, పోత ఇనుప దిమ్మెను తాడుతో వ్రేలాడదీసి చిన్న చెక్క సుత్తితో తట్టాలి. గంటవలె సాగే మోత వస్తే మంచిది, బొంగురు చప్పుడు వస్తే అనుమానించాలి. సన్నని పగుళ్ళకు కిరసనాయిలు, సుద్దపొడి చాలు. శుభ్రం చేసిన దిమ్మెను కిరసనాయిలులో గంటసేపు ఉంచి, పొడిబట్టతో పూర్తిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లుతారు. పగులులో దాగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి సుద్దమీద తడిగీతగా కనిపిస్తుంది. అడుగు అంచు, మెడ, బోల్టు రంధ్రాల చుట్టూ ముఖ్యంగా చూడాలి.

పగులు కనబడితే ఆ జాకీ ఇక బరువు మోయడానికి పనికిరాదు. నికెల్ రాడ్డుతో వెల్డింగు చేయించవచ్చు, ఇత్తడితో అతికించవచ్చు. చూపుకు బాగుంటుంది గాని పోత ఇనుము అతుకుల ప్రక్కనే మరల పగలడం సహజం. అతికిన జాకీని అమ్మేవారు ఆ సంగతిని కొనేవారికి చెప్పడం కనీస ధర్మం. అతుకుమీద లప్పం పెట్టి సాఫుచేసి రంగువేసి అమ్మడాన్ని పునరుద్ధరణ అని పిలవడానికి వీలులేదు.

మర అరుగుదలను చూడడానికి, మరను సగంవరకు పైకి తిప్పి తలను పట్టుకొని పైకీ కిందికీ లాగాలి. స్పష్టంగా ఆడుతుంటే మరచుట్లు పలుచబడ్డాయని అర్థం. కొత్త గన్‌మెటల్ నట్టు చేయించవచ్చు, పాతదానిని మాత్రం పారవేయక చీటీ కట్టి జాకీతోపాటే ఉంచాలి.

రంగు వేయుట

అసలు రంగు తెలిసినపుడు అదే వేయడం పద్ధతి. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాల జాకీలలో తారు కలిసిన నల్ల వార్నీషు తరచుగా కనిపిస్తుంది. ఎరుపు, ముదురాకుపచ్చ, నీలం కూడా ఉన్నాయి. అసలు రంగు సగానికిపైగా నిలిచిఉంటే కొత్తరంగు వేయకుండా, శుభ్రంచేసి మైనం రుద్ది వదిలివేయడమే ఉత్తమం. ఉబ్బెత్తు అక్షరాలకు తెలుపో బంగారురంగో వేయడం ఈమధ్య పరిపాటి అయింది. చాలా జాకీలు కర్మాగారంనుండి ఒకే రంగులో వచ్చేవి. అక్షరాలు మెరిస్తే చదవడానికి సుఖమే గాని, అది నేటివారి ముచ్చట అని తెలిసి వేయాలి.

తీరప్రాంతంలో రంగుకు అనువైన వేళను ఎంచుకోవడం ముఖ్యం. గాలిలో తేమ 85 శాతానికి మించినపుడు, లోహపు వేడి మంచుబిందు స్థానంకంటె కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ లేనపుడు రంగు పట్టదు. ఈశాన్య ఋతుపవనాల కాలంలో, అనగా అక్టోబరు, నవంబరు నెలలలో ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. సంక్రాంతి వెళ్ళిన తరువాత, ఉదయపు మంచు పూర్తిగా ఆరి, మధ్యాహ్నపు సముద్రపుగాలి తిరగక ముందు దొరికే మూడు నాలుగు గంటలు అనుకూలం. ముందురోజు శుభ్రం చేసిన ఇనుముమీద రాత్రికి రాత్రే ఉప్పు చెమ్మ చేరుతుంది కాబట్టి, ప్రైమరు వేసే ఉదయం మరొకసారి డిస్టిల్డ్ నీటితో తుడిచి, ఎండలో వేడెక్కనిచ్చి, థిన్నరుతో తుడవాలి. జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు రెండు పూతలు, పైన ఎనామిల్ రెండు పూతలు పలుచగా వేస్తే ఒక దళసరి పూతకంటె ఎక్కువకాలం నిలుస్తాయి. రెడాక్సైడు చవక, అలవాటైనది. కాని ఉప్పుగాలిలో ఒక్క పూత రెడాక్సైడును నమ్ముకోరాదు.

మరచుట్లకు, నట్టు లోపలికి, పళ్ళకడ్డీకి, కొక్కేలకు, బరువును తాకే తలకు రంగు వేయరాదు. అక్కడ గ్రీజు లేక నూనె మాత్రమే. మరకు రంగు పట్టితే తిప్పినపుడు పెచ్చులుగా లేచి గ్రీజుతో కలిసి ముద్దకట్టి మరల బిగుస్తుంది. కొక్కెం పంటికి రంగు పట్టితే అది పూర్తిగా దిగక అంచుమీద నిలుస్తుంది, బరువు పడగానే జారిపోతుంది.

వాడకమా, ప్రదర్శనా

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల కాలపు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉన్నది. అటువంటి పాత కార్లను సేకరించేవారికి కారుతోపాటు దాని అసలు జాకీ ఉండడం గొప్ప. అక్కడ జాకీ ప్రదర్శన వస్తువే. డెల్టా గ్రామాలలో మాత్రం, శుభ్రమై రంగు వేసుకుని తిరిగివచ్చిన జాకీని మరుసటి వారమే ట్రాక్టరు ట్రైలరు క్రింద పెట్టే అవకాశం ఎక్కువ.

ఎనభై ఏళ్ళనాటి పోత ఇనుముకు నేటి శక్తి ఎంతో పైన పోసిన అంకె చెప్పదు. వాడదలచినవారు, పగుళ్ళ పరీక్షలో నెగ్గిన జాకీని కూడా, నిపుణులవద్ద బరువు పెట్టి పరీక్షించిన తరువాతనే, అసలు సామర్థ్యంలో సగానికి మించకుండా వాడడం క్షేమం. ప్రదర్శనకు ఉంచదలచినవి ఎవరూ పొరపాటున వాడకుండా, అడుగున చెరగని రంగుతో ఆ సంగతి వ్రాసిపెట్టాలి. పాతదైనా కొత్తదైనా జాకీ పని ఎత్తడమే, నిలిపి ఉంచడం దాని పని కాదు. బండి లేచిన వెంటనే ఇరుసు క్రింద స్టాండో గట్టి దుంగో పెట్టాలి. జాకీ ఒక్కదానిమీద నిలిచిన వాహనం క్రిందికి ఎవరూ దూరరాదు.

భద్రపరచుట

రంగు పూర్తిగా గట్టిపడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ లోపల నైలాను కవరు చుట్టరాదు. తరువాత మరకు గ్రీజు పట్టించి, పూర్తిగా దించి, చెక్కపలక మీద ఉంచాలి. సిమెంటు గచ్చు చెమ్మను పీల్చి అడుగు అంచుకు అందిస్తుంది. తీరానికి దగ్గరి ఇళ్ళలో ఏటా తుఫానుల కాలం ముగిసిన తరువాత ఒకసారి మెత్తటి తడిబట్టతో తుడిచి, ఆరబెట్టి, మరను పైకి కిందికి ఒకసారి తిప్పి, కొత్త గ్రీజు వేయాలి.